అవునంటే రెండు, కాదంటే ఒకటి

మా అమ్మాయికి మాటలు రావు. అయినా మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ మాట్లాడేది అదే. చక్రాల కుర్చీలో పాదాలు ఆనించుకునే రేకు మీద ఎడమ మడమతో కొడుతుంది. అవునంటే రెండుసార్లు, కాదంటే ఒకసారి. నేను టీచర్ని కాబట్టి ఈ పద్ధతి నేనే నేర్పానని చాలామంది దగ్గర గొప్పలు పోయాను. నిజం అది కాదు. దానికి ఐదేళ్ళప్పుడు మా అత్తయ్యగారు ఇడ్లీలో కారప్పొడి అద్ది నోటి దగ్గర పెడితే టక్కుమని ఒక్కటి కొట్టింది. ఆవిడ పంచదార డబ్బా తెచ్చి చూపిస్తే టక్ టక్ మని రెండు కొట్టింది. మేం నేర్పింది ఏమీ లేదు, అదే మాకు నేర్పింది.

ఆ రెండు దెబ్బలు కొట్టడం దానికి తేలికేమీ కాదు. పుట్టిన నాలుగో రోజున కామెర్లు ముదిరి, మెదడులో కదలికల్ని అదుపు చేసే చోటు దెబ్బతింది. డిస్టోనియా అన్నారు. చెయ్యి ముందుకు చాపాలనుకుంటే వెనక్కి పోతుంది. కాళ్ళు వాటంతట అవే కొట్టుకుంటాయి. మెడ ఒక పక్కకి మెలితిరిగి, తల ఎవరో విసిరినట్టు వెనక్కి పడుతుంది. మెలకువగా ఉన్నంతసేపూ ఇదే వరస, నిద్రపోతే గానీ ఆ ఒంటికి విశ్రాంతి లేదు. ఇంత రభసలోనూ ఎడమ మడమ ఒక్కటి ఎలాగో దాని చెప్పుచేతల్లో ఉండిపోయింది.

ఇంట్లో ఆ చప్పుడంటే నాకు ప్రాణం. చర్చిలో మాత్రం తల తీసేసినట్టుండేది. వాక్యం చెబుతూ అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, మాటవరసకి ఏదైనా ప్రశ్న వేస్తే జవాబు మా కుర్చీ నుంచి వచ్చేది. "మనం మన పొరుగువారిని నిజంగా ప్రేమిస్తున్నామా?" అని ఆయన అడిగేవారు. టక్. ముందు వరసలో ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. నేను సంచిలోంచి చిన్న తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి దాని మడమ కింద దోపేదాన్ని. అప్పుడు అది నా వంక ఒక చూపు చూసేది. నేను చూడనట్టు పాటల పుస్తకం తిరగేసేదాన్ని.

మాది కడియం దగ్గర. మా ఆయన ఒక పెద్ద నర్సరీలో మొక్కలు లారీలకి ఎక్కించే పని చూస్తారు. ఇల్లు నర్సరీ వెనకే. నేను మూడు కిలోమీటర్ల దూరంలో మండల పరిషత్ స్కూల్లో తెలుగు చెబుతాను. స్కూలుకి నేను వెళ్ళినప్పుడు పిల్లని చూసేది అత్తయ్యగారు.

కిందటేడు వేసవిలో ఒకరోజు తలగడ మార్చబోయి దాని తల పైకెత్తితే కెవ్వున అరిచింది. అత్తయ్యగారు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చారు.

"మెడ పట్టేసి ఉంటుందే అమ్మాయ్. ఆ తలగడ తీసుకెళ్ళి ఎండలో వెయ్యి" అన్నారు.

మెడ పట్టేస్తే తలగడ ఎండలో వెయ్యడం మా వైపు ప్రతి ఇంట్లోనూ చేసేదే. డిగ్రీ చదివిన నేనూ చేస్తాను. మూడు రోజులు తలగడ డాబా మీద ఎండింది. నాలుగో రోజుకి అరుపు తగ్గింది. పేరంతా తలగడకే వచ్చింది. రోజుకి వెయ్యిసార్లు మెలితిరిగే మెడ ఒకసారి పట్టేస్తే అందులో వింతేముందని నేనూ ఊరుకున్నాను.

స్కూళ్ళు తెరిచి, వానలు మొదలయ్యాక, పిల్ల నెమ్మదించడం మొదలుపెట్టింది. ముందు కాళ్ళు కొట్టుకోవడం తగ్గింది. తర్వాత చేతులు. స్నానం చేయించేటప్పుడు ఇదివరకు నా చీరంతా తడిసి ముద్దయ్యేది, ఇప్పుడు కొంగు కూడా తడవడం లేదు. అన్నం తినిపిస్తుంటే కంచం ఎగిరిపోవడం లేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఫొటోకి కూర్చున్నట్టు కూర్చునేది. తొమ్మిదేళ్ళలో దాన్ని అలా చూడటం అదే మొదలు. అంతకు నెల ముందే రాజమండ్రిలో డాక్టరు గారు మందు మోతాదు కొంచెం పెంచారు. నేనూ మా ఆయనా ఉపవాస ప్రార్థనలు కూడా మొదలుపెట్టాం. ఫలితం ఎందువల్ల వచ్చిందో తేల్చుకోవలసిన అవసరం మాకు కనిపించలేదు. రెండింటికీ దండం పెట్టుకున్నాం.

మడమ చప్పుడు కూడా తగ్గింది. దాన్ని నేను గమనించలేదని చెబితే అబద్ధమవుతుంది. గమనించాను. మొదట దెబ్బ మెత్తబడింది. తర్వాత రెండు కొట్టాల్సిన చోట ఒకటి కొట్టి ఆగేది. తర్వాత మడమ ఒక అంగుళం లేచి రేకు మీద వాలేది, చప్పుడే ఉండేది కాదు. కళ్ళతో చెబుతోందిలే అనుకున్నాను. చర్చిలో తువ్వాలుతో పని లేకుండా పోయింది. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ మొదటి ఆదివారం నాకు హాయిగా అనిపించింది.

మాలో ఏ మేలు జరిగినా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుంటాం. ఉద్యోగం వచ్చినా, జబ్బు నయమైనా సంఘాన్ని పిలిచి పాటలు పాడి, మేలు పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పాలి. అందరి ముందూ దేవుడు ఏం చేశాడో నోరారా చెప్పడమే సాక్ష్యం. ఈ పనిలో నాకు మంచి పేరుంది. స్త్రీల కూడికల్లో నన్నే ముందు లేపేవారు. అందుకని ఈసారి, నా సొంత బిడ్డ సంగతి కాబట్టి, రెండు కాగితాలు రాసుకున్నాను. కొట్టివేతలు ఉన్నాయని మళ్ళీ శుభ్రంగా తిరగరాశాను కూడా. తేదీలతో సహా రాశాను. వివరం ఉంటే వినేవాళ్ళకి నమ్మకం కలుగుతుందని నా అభిప్రాయం.

ఆదివారం ఆరాధన అయ్యాక మా వాకిట్లో టెంటు వేశాం. నర్సరీ నుంచి మా ఆయన కుండీలు తెచ్చి దారికి రెండు వైపులా పేర్చారు. నేను లేచి కాగితాలు చదివాను. "ప్రభువునకు స్తోత్రము. జూన్ రెండో వారం నుండి నా బిడ్డ కాళ్ళు కొట్టుకొనుట తగ్గినది. జూలైలో చేతులు నెమ్మదించినవి. ఎత్తుకొన్నప్పుడు ఎదురు తిరుగుట లేదు. పక్క తడుపుట మాత్రము మరల మొదలైనది, అదియు త్వరలో తీరునని విశ్వసించుచున్నాను." ప్రతి వాక్యానికీ ఆమెన్ అన్నారు. పక్క తడిపే వాక్యానికి కూడా అన్నారు. వెనక కూర్చున్న అత్తయ్యగారు వెక్కి వెక్కి ఏడ్చారు.

తర్వాత అయ్యగారు కుర్చీ దగ్గరికొచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆయనకి పిల్ల భాష బాగా తెలుసు.

"ఏమ్మా, నీకు దేవుడు మేలు చేశాడా? నువ్వే చెప్పు తల్లీ" అన్నారు.

అందరూ ఆ రేకు వంకే చూశారు. నేను కూడా. పిల్ల మొహం ఎర్రబడింది. పెదవి బిగించింది. మడమ కదల్లేదు.

"సిగ్గుపడుతోందండి అయ్యగారూ" అన్నాను నేను. అందరూ నవ్వారు. ఆయన దాని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆ తర్వాత పులిహోర, చికెన్ పకోడీ పెట్టాం.

మా మండలంలో ఇలాంటి పిల్లల కోసం ఒక కేంద్రం ఉంది. అక్కడికి గురువారం గురువారం వచ్చి వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు అమ్మాయి కాన్పు సెలవులో ఉండి ఆ మధ్య రాలేదు. కూడిక అయిన పది రోజులకి తిరిగి వచ్చింది. నేను గుమ్మంలోనే మొదలుపెట్టాను, "చూడండి మేడమ్, మా పిల్ల ఎంత బుద్ధిమంతురాలైపోయిందో!"

ఆ అమ్మాయి నవ్వుతూ వచ్చి కుర్చీ ముందు కూర్చుంది. పలకరించింది, ఒక ప్రశ్న అడిగింది, జవాబు కోసం రేకు వంక చూసింది. నవ్వు ఆగిపోయింది. పాదం చేతిలోకి తీసుకుని పైకి నొక్కి పట్టింది. పాదం దానంతట అదే కుట్టుమిషను సూదిలా టకటకా కొట్టుకుంది. పెన్ను మొద్దు కొనతో అరికాలు గీస్తే బొటనవేలు కిందికి ముడుచుకోకుండా పైకి లేచింది.

"మడమతో కొట్టి ఎన్నాళ్ళయిందండి?"

"రెండు మూడు నెలలు. చెప్పాను కదండీ, నెమ్మదించింది."

"నెమ్మది కాదండి ఇది. నీరసం. కాళ్ళకి బలం పోతోంది. మెడ దగ్గర ఏదో నొక్కుతోందని నా అనుమానం. వెంటనే మెడ ఎక్స్‌రే, స్కానింగు తీయించాలండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నాలుగు నెలలు కనిపించకుండా పోయి, ఇవాళ వచ్చి నీరసమంటారేంటండి? ఊరంతా వచ్చి చూసి వెళ్ళారు. పిల్ల బాగుపడితే మీకేంటి కష్టం?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. బాలింత అని కూడా చూడలేదు. ఆ అమ్మాయి నా సంచిలోంచి తువ్వాలు తీసింది, ఆ తువ్వాలే. దాన్ని చుట్టగా చుట్టి పిల్ల మెడ పక్కన ఆనించింది. ఇంకో పక్కన తన చున్నీ పెట్టింది.

"నన్ను తిట్టండి, పర్లేదు. కానీ ఇవాళ్టి నుంచి మెడకి నూనె రాయొద్దు, తల తిప్పొద్దు, బండి మీద అస్సలు తీసుకెళ్ళొద్దు. కారు మాట్లాడుకోండి మేడమ్ గారూ" అంది.

ఇంటికొచ్చి మా ఆయనకి ఫిర్యాదు చేశాను. ఆయన నాలాగా మాటల మనిషి కాదు. చాలాసేపు చెప్పులు దులుపుకుంటూ గుమ్మంలోనే కూర్చున్నారు.

"పిల్ల బరువు మారింది" అన్నారు చివరికి. "ఇదివరకు ఎత్తితే నా చేతుల్లో మెదిలేది. ఇప్పుడు ఎటు పడుకోబెడితే అటే ఉంటోంది. నాకు వారం రోజులుగా భయంగానే ఉంది. నువ్వు అంత సంతోషంగా ఉంటే చెప్పలేకపోయాను."

ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంది.

మర్నాడే కారులో రాజమండ్రి వెళ్ళి మెడ ఎక్స్‌రే తీయించాం. ఫిల్ము చూసిన డాక్టరు గారు ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా పిల్ల మెడకి గట్టి పట్టీ వేయించి, వైజాగులో వెన్నుపూస ఆపరేషన్లు చేసే సర్జన్‌కి ఉత్తరం రాసిచ్చారు. కారు వెనక సీట్లో పిల్లని పడుకోబెట్టి, తల చుట్టూ దిళ్ళు పేర్చి, నేను కింద కూర్చుని రెండు చేతులతో తల పట్టుకున్నాను. తుని దాటేదాకా నేను నోరు విప్పలేదు. నేను అంతసేపు మాట్లాడకుండా ఉండటం మా పెళ్ళయ్యాక అదే మొదటిసారి అనుకుంటాను.

సర్జన్ గారు పెద్దాయన. పిల్లని పరీక్షించి, "ఏ మార్పు ఎప్పుడు వచ్చిందో వరసగా చెప్పండమ్మా. తారీకులు గుర్తుంటే మంచిది" అన్నారు. చేతిసంచిలో బైబిలు మధ్య ఆ రెండు కాగితాలు ఉన్నాయి. తీసి ఇచ్చాను.

ఆయన మొదటి లైను చదివి కళ్ళజోడు మీదుగా నా వంక చూశారు. మళ్ళీ చదవడంలో పడ్డారు. పెన్ను తీసి కొన్ని మాటల కింద గీతలు గీశారు. కాళ్ళు కొట్టుకొనుట తగ్గినది. గీత. చేతులు నెమ్మదించినవి. గీత. పక్క తడుపుట మరల మొదలైనది. దాని కింద రెండు గీతలు గీశారు. సంఘం ఏ చోట ఆమెన్ అందో సరిగ్గా ఆ చోటే ఆయన పెన్ను ఆగింది.

"ఇంత వివరంగా ఎవరూ రాసుకురారమ్మా" అన్నారు. ఆయన మెచ్చుకునే అన్నారు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

బొమ్మ గీసి చెప్పారు. మెడలో అన్నిటికన్నా పైనున్న రెండు పూసలే తలని అటూ ఇటూ తిప్పుతాయి. అవి జారకుండా గట్టి పట్టీల్లాంటివి కట్టి ఉంచుతాయి. తొమ్మిదేళ్ళుగా తల అలా విసురుగా పడీ పడీ ఆ పట్టీలు సాగిపోయాయి. ఇప్పుడు తల వంగినప్పుడల్లా పై పూస ముందుకి జారి, వెనక ఉన్న వెన్నుపామును నొక్కుతోంది. మెదడు పంపే కబురు అక్కడే ఆగిపోతోంది.

"మెలికలు తగ్గింది జబ్బు నయమై కాదమ్మా. మెలితిరగడానికి కూడా కండరాలకి బలం చాలక. ఇలాంటి పిల్లల్లో ఇది ఆలస్యంగానే బయటపడుతుంది. కొత్త కష్టాన్ని కూడా పాత జబ్బు కిందే కట్టేస్తాం, మా డాక్టర్లం కూడా. ఇంకొన్నాళ్ళు పోతే ఊపిరికే ఇబ్బంది వచ్చేది."

ఆపరేషన్ చేస్తే నొక్కుడు ఆగుతుందన్నారు. పోయిన బలం తిరిగి వస్తుందని మాత్రం మాట ఇవ్వలేనన్నారు. "ఉన్నది పోకుండా చూడటమే మొదటి పని" అన్నారు.

పిల్లని బల్ల మీది నుంచి ఎత్తమంటే నేను అలవాటుగా చంకల కింద చేతులు పెట్టబోయాను. మా ఆయన నన్ను పక్కకి జరిపి, ఒక చెయ్యి తల కింద, ఒక చెయ్యి నడుం కింద వేసి, కర్రలా నిటారుగా ఎత్తారు. సర్జన్ గారు చూసి, "ఇలా ఎత్తాలని మీకు ఎవరు చెప్పారండి?" అని అడిగారు.

"మా నర్సరీలో అలాగే ఎత్తుతామండి. మొక్కని కాండం పట్టుకుని ఎత్తకూడదండి, సంచి అడుగున చెయ్యి వెయ్యాలండి" అన్నారు మా ఆయన.

"ఇన్నాళ్ళూ పిల్లని కాపాడింది ఇదేనేమో" అన్నారాయన. మా ఆయన "ఆయ్" అని తల దించుకున్నారు. అది పుట్టినప్పటి నుంచి దాన్ని చంకల కింద పట్టుకుని లాగింది నేనే. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆపరేషన్ ఏడు గంటలు పట్టింది. మెడ వెనక తెరిచి, రెండు పూసల్నీ స్క్రూలతో బిగించి, తుంటి నుంచి ఎముక ముక్క తీసి మధ్యలో పెట్టారు. ఎముక అతుక్కునేదాకా మెడ మెలితిరిగితే స్క్రూలు ఊడిపోతాయని మందులు పెంచారు. తల చుట్టూ ఇనుప కమ్మీ, అక్కడి నుంచి భుజాల దాకా చట్రం బిగించారు. మూడు నెలలు ఆ చట్రంలోనే ఉంది. అత్తయ్యగారు దాన్ని మొదటిసారి చూసి తలగడ ఎవరికీ కనపడకుండా దాచేశారు. ఆవిడని నేను ఒక్క మాట అనలేదు. అనడానికి నాకేం అర్హత ఉంది?

నెలా పది రోజులు మడమ కదల్లేదు. రోజూ పొద్దున్నే స్కూలుకి వెళ్ళేముందు రేకు పక్కన కూర్చుని అడిగేదాన్ని, "ఇడ్లీయా? పంచదార వేయనా?" అది రేకు వంక చూసేది. నేనూ చూసేదాన్ని. ఒక మంగళవారం పొద్దున మడమ లేచి పడింది. గట్టిగా కాదు, చెంచా కిందపడ్డంత. అవునో కాదో తెలియదు, ఆ ఒక్కదానికే అత్తయ్యగారు, నేను కౌగిలించుకుని ఏడ్చాం. రెండోది రావడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. ఒకటి కొట్టి, చెమటలు పట్టి, పళ్ళు బిగించి, మేం ఊపిరి బిగబట్టి చూస్తుంటే రెండోది కొట్టేది. కుడి చేతికి నా కొంగు అందిస్తే ఎలాగో పట్టుకునేది ఇదివరకు. ఆ పట్టు రాలేదు. ఇక రాదేమో. కాళ్ళు మళ్ళీ కొట్టుకుంటున్నాయి, స్నానం చేయిస్తే చీరంతా తడుస్తోంది. తడిసిన చీరతోనే కాసేపు కూర్చుంటాను.

ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాను. చంటిపిల్లని నా ఒళ్ళో పెట్టి, "ముందు దీన్ని పట్టుకోండి మేడమ్ గారూ, పాలు పొంగుతున్నాయి" అని లోపలికి వెళ్ళింది.

చట్రం తీసేశాక అయ్యగారు ఇంటికొచ్చారు. సంఘమంతా సాక్ష్యం కోసం ఎదురుచూస్తోందన్నారు. ఆలోచించి చెబుతానన్నాను. ఆయన వెళ్ళాక కాగితం, పెన్ను తీసుకుని పిల్ల ఎదురుగా కూర్చున్నాను. ఒక్క మాట కూడా రాయలేకపోయాను. ఆ రోజు టెంటు కింద దాని మొహం ఎర్రబడటం, పెదవి బిగించడం, "సిగ్గుపడుతోందండి" అన్న నా గొంతు, ఇవే గుర్తొస్తున్నాయి.

పెన్ను పక్కన పెట్టాను.

"అమ్మలూ, ఆ రోజు కూడికలో అయ్యగారు నిన్ను అడిగారు కదా, దేవుడు మేలు చేశాడా అని. అప్పుడు నువ్వు కొట్టాలని చూశావా?"

టక్. కాసేపాగి, టక్.

వంటింట్లో అత్తయ్యగారి గరిటె చప్పుడు ఆగింది. నాకు అక్కడితో ఆపేయాలనిపించింది. కానీ జీవితమంతా దాని తరఫున నేనే మాట్లాడేశాను, ఈ ఒక్కటైనా దాన్నే చెప్పనివ్వాలి అనుకున్నాను.

"అవునని చెప్పాలనుకున్నావా తల్లీ?"

అది నా కళ్ళలోకి చూసింది. మడమ పైకి లేచి, ఇదివరకటంత గట్టిగా రేకు మీద పడింది. టక్.

రెండోదాని కోసం చాలాసేపు ఎదురుచూశాను. రాలేదు.